ఆవు పడిపోయాక కాదు, ముందే వెతుక్కోవాలి మంచి డాక్టరును

పశువుల జబ్బుల గురించి ఈ పేజీలో ఏ వ్యాసం వచ్చినా చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. 'వెంటనే పశువైద్యుని సంప్రదించాలి' అని. మాట మంచిదే. కానీ ఏ పశువైద్యుని? ఎక్కడుంటాడు? పిలిస్తే వస్తాడా? వచ్చినవాడు పశువును నిదానంగా చూస్తాడా, లేక సూది గుచ్చి డబ్బు తీసుకుని పోతాడా? ఇవేవీ ఆ వాక్యంలో ఉండవు. రైతు మటుకు అర్ధరాత్రి కొట్టంలో టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉంటాడు.

ఎకరా రెండెకరాల మెట్ట, రెండు సంకర జాతి ఆవులు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చిన్న రైతు సంసారం చాలాచోట్ల ఇంతే. వేరుశనగ వానను నమ్ముకుని ఉంటుంది, టమాటా మార్కెట్టును నమ్ముకుని ఉంటుంది. ఈ రెండూ ముంచినా పాల బిల్లు ఇల్లు నడుపుతుంది. ఆవు పోతే దాని మీద తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. లెక్కల్లో రాయలేనిది ఇంకొకటి ఉంది. ఇంట్లో పుట్టిన పెయ్యకు గౌరి అనో లక్ష్మి అనో పేరు పెట్టి పెంచుకుంటాం. తెల్లారి లేవగానే మొదట పలకరించేది దాన్నే. అలాంటి జీవిని ఎవరి చేతుల్లో పెడుతున్నామన్నది జబ్బు రాకముందే తేల్చుకోవాల్సిన సంగతి.

ఎవరు డాక్టరు, ఎవరు కాదు

పల్లెలో సూది పట్టిన ప్రతివారినీ 'డాక్టరు' అనే పిలుస్తాం. మర్యాదకు పిలిస్తే పరవాలేదు, వైద్యానికి మాత్రం తేడా తెలియాలి. పశువైద్య డిగ్రీ చదివి, పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకున్న వారే పశువైద్యులు. 1984లో వచ్చిన భారత పశువైద్య మండలి చట్టం ఇదే చెబుతోంది. గ్రామాల్లో ఉండే పశుసంవర్ధక సహాయకులు, గోపాలమిత్రలు శిక్షణ పొందినవారు. ఎదకు వచ్చిన ఆవుకు సూది వేయడం, టీకాలు, పుండుకు కట్టు, ప్రథమ చికిత్స వంటివి వీరి పని. పెద్ద జబ్బుకు వైద్యం డాక్టరు చేయాలి, లేదా డాక్టరు చెప్పినట్టు వీరు చేయాలి. చాలా ఊళ్లలో కబురు పెట్టగానే మొదట వచ్చేది వీరే. ఆ మేలు మరవకూడదు. వీరిలో మంచివారిని గుర్తుపట్టడం సులువు. చేతికి అందనిది వచ్చినప్పుడు 'ఇది నా వల్ల కాదన్నా, డాక్టరు సారును పిలుద్దాం' అని తామే ఫోను తీస్తారు.

ఏ శిక్షణా లేకుండా సంచిలో నాలుగు సీసాలు వేసుకుని తిరిగేవారితోనే చిక్కు. వీరికి ప్రతి జబ్బుకూ ఒకటే మందు. గొడ్డు లేస్తే తమ చేతి చలువ, లేవకుంటే రైతు ఖర్మ!

అసలు డాక్టర్లు ఎక్కడుంటారు? మండలంలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంటుంది. దానికి పైన ప్రాంతీయ పశువైద్యశాలలు ఉంటాయి. ఫోనులో 1962 నొక్కితే సంచార పశువైద్య వాహనం వస్తుంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఈ వాహనాలు మొదలయ్యాయి. ఫోనుకు డబ్బు పడదు. మీ మండలానికి వాహనం ఏ వేళల్లో వస్తుందో ముందే అడిగి పెట్టుకోండి. రాత్రిపూట ఆపదకు దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఆపరేషను దాకా వెళ్లే జబ్బయితే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి మన జిల్లాల వారికి పెద్ద ఆసరా. ఆ కళాశాల బాపట్ల నుంచి తిరుపతికి వచ్చింది. అక్కడ విద్యార్థులు నేర్చుకుంటూ చేస్తారని కొందరు వెనకాడతారు. ఆ భయం అనవసరం. పక్కన పాఠం చెప్పే పెద్ద డాక్టర్లుంటారు. విద్యార్థి ముందు పని చేసే డాక్టరు పశువును తొందరపడి చూడడు. అది మనకే మంచిది.

చేతి తీరు చూడండి

మంచి డాక్టరును కనిపెట్టడానికి మీ ఆవుకు జబ్బు రానవసరం లేదు. గాలికుంటు టీకాలు వేయడానికి ఊరికి వచ్చినప్పుడు, పక్కవారి గొడ్డును చూడడానికి వచ్చినప్పుడు మీరూ వెళ్లి నిలబడండి. మాటలు కాదు, చేతులు చూడండి.

తెలిసిన డాక్టరు పశువు దగ్గరకు వెనుక నుంచి హఠాత్తుగా పోడు. దానికి కనబడేట్టు వస్తాడు, ఏదో ఒక మాట అంటాడు, మెడ మీదో భుజం మీదో చెయ్యి వేస్తాడు. యజమానిని తల దగ్గర నిలబెడతాడు. తెలిసిన మనిషి వాసన తగిలితే పశువు సగం కుదుటపడుతుందని అతనికి తెలుసు. తోక మెలిపెట్టి, ముక్కుతాడు గుంజి, నలుగురి చేత నేలకు అదిమించి ఇంజెక్షను వేసేవారు ఉన్నారు. మొండి పశువుకు కట్టు అవసరమే, కాదనము. అవసరమైనంత కట్టడం వేరు, చేతగాక హింసించడం వేరు. బెదిరిన ఆవు పాలు చేపదు. ఆ మనిషిని మళ్లీ చూసినప్పుడు తాడు తెంచుకుంటుంది.

తరువాత ప్రశ్నలు. ఎప్పుడు ఈనింది, నిన్న ఎన్ని పాలిచ్చింది, ఏం మేసింది, నెమరు వేస్తోందా, పేడ ఎట్లా వేసింది, ముందు ఎవరన్నా చూశారా? ఇవి అడగకుండా మందు మొదలుపెడితే అనుమానించండి. థర్మామీటరు పెట్టాలి. ఆవుకు 101.5 డిగ్రీల ఫారన్‌హీటు అటూ ఇటూ ఉండడం మామూలు. ఎడమ డొక్క పల్లంలో పిడికిలి ఆనించి కాసేపు ఊరికే నిలబడతాడు. చూసేవారికి ఏమీ చేయనట్టే ఉంటుంది. కానీ అక్కడ అతను పెద్ద పొట్ట కదలికలను లెక్కపెడుతున్నాడు. నిమిషానికి ఒకటి రెండు సార్లు కదలాలి. కంటి రెప్ప తిప్పి రంగు చూస్తాడు. జబ్బ ముందుండే బిళ్లలు వాచాయా అని తడుముతాడు. సంకర జాతి ఆవుల్లో పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జబ్బుకు ఆ బిళ్లల వాపు, విడవని జ్వరం ముఖ్యమైన గుర్తులు. అనుమానం వస్తే చెవి కొస నుంచి రక్తపు చుక్క తీసి గాజు పలక మీద రాసి పరీక్షకు పంపుతాడు. ఈ జబ్బుకు వేసే బుపార్వాక్వోన్ ఖరీదైన మందు. ఊహ మీద వేసి డబ్బు పోగొట్టడం కన్నా చుక్క రక్తం చూడడం మేలు కదా.

గేటు దగ్గరే సిరంజి నింపుకుని లోపలికి వచ్చే వైద్యుడు ఎంత పేరున్నవాడైనా నమ్మదగ్గవాడు కాదని మా అభిప్రాయం.

పాలజ్వరం ఒక పరీక్ష

వైద్యుని ఓర్పు తెలిసేది పాలజ్వరం దగ్గర. బాగా పాలిచ్చే ఆవు, మూడో ఈతో నాలుగో ఈతో. ఈనిన మూడు రోజుల లోపల ఉన్నట్టుండి తూలి పడుకుంటుంది. మెడ డొక్క వైపు తిప్పేస్తుంది, చెవులు చల్లబడతాయి. పేరులో జ్వరం ఉంది గాని ఒంట్లో జ్వరం ఉండదు. రక్తంలో సున్నం, అంటే కాల్షియం, ఒక్కసారిగా తగ్గడం వల్ల వచ్చే జబ్బు ఇది. పేరు విని జ్వరం సూది వేసి పోయినవాడు జబ్బు గుర్తుపట్టలేదని అర్థం.

దీనికి కాల్షియం సీసా నరానికి ఎక్కించాలి. ఎక్కించే తీరులోనే ఉంది ప్రాణం. జాగ్రత్త గల డాక్టరు ముందు సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టమంటాడు. ఆవును పక్కకు ఒరగనివ్వకుండా గడ్డి మూటలు ఆనించి రొమ్ము మీద కూర్చోబెడతాడు. స్టెతస్కోపు గుండె మీద పెట్టి, వింటూ, మెల్లగా ఎక్కిస్తాడు. గుండె తీరు మారితే ఆపుతాడు. పది నిమిషాలు, పావు గంట, ఇరవై నిమిషాలు పట్టినా విసుక్కోడు. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగి ఆవు అక్కడికక్కడే పోతుంది. తరువాతి ఊళ్లో ఇంకో కేసుందని సీసా ఎత్తి పట్టుకుని మూడు నిమిషాల్లో దించేసినవారి చేతుల్లో అట్లా పోయిన ఆవులున్నాయి. రైతుకేం తెలుసు? 'ఆయుష్షు తీరింది' అనుకుంటాడు. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాయడం. మీ ఎదుట ఎవరైనా కాల్షియం ఎక్కిస్తుంటే 'నిదానంగా కానీండి సార్, తొందర లేదు' అనే హక్కు మీకుంది.

ఇంకొక మాట. పడిపోయిన ఆవు నోట్లో గంజి, సారాయి, నూనె ఏదీ పోయవద్దు. మింగే శక్తి లేని స్థితిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు కాపాడిన ఆవు వారం తరువాత నిమ్ముతో పోతుంది.

నొప్పి తెలిసిన వైద్యం

పశువుకు నొప్పి ఉండదని ఎవరో ఎప్పుడో పుట్టించిన మాట. పశువు మనలా అరవదు. పళ్లు నూరుతుంది, మేత మానేస్తుంది, వీపు వంచి నిలబడుతుంది. ఎర అయ్యే జాతి కాబట్టి నొప్పిని దాచుకుంటుంది, అంతే. కొమ్ము విరిగినప్పుడు, తెగిన చనుకట్టుకు కుట్లు వేసేటప్పుడు, కణితి కోసేటప్పుడు ముందు తిమ్మిరి సూది వేయాలి. ఆ మందు ఖరీదైనదేమీ కాదు. 'తిమ్మిరి సూది వేశారా సార్?' అని అడగండి. అడిగినందుకు మంచి డాక్టరు సంతోషిస్తాడు.

దూడ అడ్డం తిరిగినప్పుడు ఊరంతా చేరి మోకులు కట్టి లాగడం ఇప్పటికీ ఉంది. డాక్టరు చేతులు సబ్బుతో కడిగి, జారుడుకు పూసుకుని, లోపల దూడ ఎట్లా ఉందో తెలుసుకున్నాకే తాడు అడుగుతాడు. ముక్కే నొప్పితో పాటే లాగిస్తాడు, ఆవు ఆగితే ఆగమంటాడు. మాయ పడలేదని ఇటుక కట్టి వేలాడదీయడం, చెయ్యి పెట్టి బలవంతంగా పీకడం చేస్తే గర్భసంచి దెబ్బ తింటుంది, ఆ ఆవు మళ్లీ చూడి నిలవడం కష్టమవుతుంది. ఇక కుంటుతోందని, కడుపుబ్బిందని కాల్చి వాతలు పెట్టడం గురించి చెప్పేదేముంది! ఉన్న నొప్పికి కాలిన నొప్పి తోడవుతుంది. వాతలు పెట్టే పెద్దల మీద మనకు గౌరవం ఉండవచ్చు, ఆ గౌరవం కోసం ఆవు చర్మం కాల్చనక్కరలేదు.

నొప్పి తగ్గించే మందుల్లోనూ తేడాలున్నాయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ సూది వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. మన చిన్నప్పుడు ఊరి బయట కనబడిన రాబందులు ఇప్పుడు లేకపోవడానికి ముఖ్య కారణం అదే. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకుండా ఆపారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. మనుషుల మందుల షాపులో సీసా తెచ్చి ఆవుకు వేసేవాడికి ఈ సంగతులు పట్టవు.

ఖర్చు, నిజం

దయ అంటే తీపి మాటలు కాదు. చిన్న రైతుకు డాక్టరు చేసే పెద్ద సాయం మొదటే నిజం చెప్పడం. మందులకు ఎంత అవుతుంది, బతికే అవకాశం ఎంత, బతికినా మళ్లీ ఆ పాలు ఇస్తుందా? ఈ మూడూ మీరే అడగండి. 'చూద్దాంలే' అని రోజూ రెండు సీసాలు ఎక్కించి వారానికి వేల రూపాయల చీటీ చేతిలో పెట్టేవారి కన్నా, 'అమ్మా, దీనికి లాభం లేదు, డబ్బు పెట్టవద్దు' అన్న మనిషి మేలు. ఆ మాట చెప్పడం వారికీ కష్టమే. చెప్పి వెళ్లిపోకుండా, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా మందిచ్చి, కింద ఇసుకో ఎండుగడ్డో మెత్తగా పరచమని, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చమని చెప్పేవారైతే ఆ ఫోను నెంబరు దాచుకోండి.

వేసిన మందు పేరు చీటీ మీద రాయించుకోవాలి. తరువాత వేరే డాక్టరు చూడాల్సి వస్తే అది పనికొస్తుంది. పొదుగువాపుకు గాని, మరే జబ్బుకు గాని యాంటీబయాటిక్ వేస్తే పాలు ఎన్ని రోజులు కేంద్రానికి పోయకూడదో అడగాలి. మన పాలు తాగేవారిలో పసిపిల్లలూ ఉంటారు. ఈ సంగతి మీరు అడగకముందే చెప్పే డాక్టరుకు మీ ఆవు మీదే కాదు, ఊరి మీదా దృష్టి ఉన్నట్టు.

బీమా చేసిన ఆవు చనిపోతే పూడ్చడానికి ముందే బీమా వారికి, డాక్టరుకు కబురు చేయాలి. చెవి పోగు తీసి పారేయవద్దు. శవపరీక్ష పత్రం లేనిదే డబ్బు రావడం కష్టం. దుఃఖంలో చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు.

కాపలా కుక్క సంగతి

పొలం దగ్గర కుక్కకు డాక్టరేమిటని నవ్వేవారున్నారు. అడవి పందుల నుంచి వేరుశనగను, దొంగల నుంచి మోటారును కాచేది అదే. ప్రభుత్వ పశువైద్యశాలలో కుక్కనూ చూస్తారు. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. తరువాతి మోతాదు డాక్టరు చెప్పినట్టు, ఆపైన ఏటా వేయించాలి. జూలై 6న, 1885లో పాశ్చర్ ఒక బాలునికి తొలిసారి రేబిస్ టీకా వేయించిన రోజున, పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ రోజు కుక్కను తీసుకుని వెళ్లండి. మీ డాక్టరు చేతి తీరు చూడడానికీ అది మంచి రోజు. కుక్క మూతికి గుడ్డ కట్టకముందు దానికి చెయ్యి వాసన చూపేవారిని గుర్తుంచుకోండి.

పిచ్చికుక్క ఆవును కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో పావు గంట కడిగి, అదే రోజు డాక్టరు దగ్గర వరుస టీకాలు మొదలుపెట్టాలి. ఆవు సొంగ కారుస్తూ, మింగలేక, బొంగురు గొంతుతో అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టవద్దు. రేబిస్ కావచ్చు. ఇలా చెయ్యి పెట్టినవారు, ఆ సొంగ గాయానికి తగిలినవారు ఆలస్యం చేయకుండా మనుషుల ఆసుపత్రికి వెళ్లి టీకాలు వేయించుకోవాలి.

మన వైపు నుంచి

డాక్టరు మంచివారై ఉంటే సరిపోదు, రైతు కూడా కలిసి రావాలి. సాయంత్రం మేత మానిన ఆవుకు మర్నాడు పొద్దున ఫోను చేయాలి. మూడు రోజులు నాటు మందులు పోసి, నాలుగో రోజు రాత్రి పన్నెండింటికి 'సార్, ఇప్పుడే పడింది' అంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు? ముందు ఎవరు ఏ సూది వేశారో దాచకండి. దాస్తే అదే మందు రెండోసారి పడుతుంది. ఒకేసారి ముగ్గురిని పిలిచి, ఒకరి వెనుక ఒకరితో వైద్యం చేయించవద్దు. డాక్టరు వచ్చేసరికి బకెట్టు నీళ్లు, సబ్బు, శుభ్రమైన గుడ్డ, మంచి వెలుతురు, గట్టి తాడు సిద్ధంగా ఉంచండి. ఆవు బెదరకుండా చుట్టూ చేరిన జనాన్ని దూరంగా పంపండి. చికిత్స అయ్యాక నాలుగో రోజు 'మేస్తోంది సార్' అని ఒక ఫోను చేయండి. పశువుల డాక్టరుకు ఇలాంటి ఫోను చాలా అరుదుగా వస్తుంది. వచ్చిన ఇంటిని వారు మరవరు.

కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో నాలుగు నెంబర్లు రాసి పెట్టండి: మండల డాక్టరుది, ఊరి పశుసంవర్ధక సహాయకునిది, 1962, రాత్రివేళ వచ్చే డాక్టరుది. మగవారు ఊళ్లో లేనప్పుడు కూడా ఇంట్లో ఆడవారు, పిల్లలు చూసి ఫోను చేయగలగాలి. దాని కిందే ఆవు చెవి పోగు మీదున్న 12 అంకెలు, కిందటిసారి ఈనిన తేదీ, సూది వేయించిన తేదీ సుద్దతో రాయండి. ఫోనులో డాక్టరు మొదట అడిగేవి అవే.